బావి నీళ్లకు పెట్రోలు వాసన వస్తే మట్టినీ నీటినీ ఎలా పరీక్షించాలి

"బంకు పక్కనే ఇల్లు. బోరు నీళ్లు కిరోసిన్ కంపు కొడుతున్నాయి. ల్యాబుకు పంపితే తాగొచ్చని రాసిచ్చారు. ఇప్పుడేం చేయాలి?" హన్మకొండ నుంచి జగిత్యాల దాకా ఊళ్లు మారుతాయి గానీ అడిగేది ఇదే. ఆ రిపోర్టు ఒకసారి తిరగేయండి. టీడీఎస్, కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్ ఉంటాయి. పెట్రోలు గురించి ఒక్క గీత ఉండదు. ల్యాబు తప్పు చేయలేదు, అడగని పరీక్ష చేయలేదు, అంతే. దానికి తోడు నీళ్లను కూల్‌డ్రింకు సీసాలో సగం నింపి ఎండలో బండి మీద పట్టుకెళ్తే, వెతకాల్సిన పదార్థం దారిలోనే ఆవిరైపోతుంది.

ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. ఇంధనపు ఆనవాళ్లు గాలి తగిలితే పోతాయి. తప్పు లోతులో వెతికితే దొరకవు, తప్పు నెలలో వెతికితే కనిపించవు. అందుకే కింది క్రమాన్ని ముందూ వెనకా చేయకండి. ల్యాబు చివర్లో వస్తుంది.

ఇక్కడ చెప్పేది బంకులకే కాదు. బస్ డిపో, జిన్నింగ్ మిల్లు జనరేటర్ ట్యాంకు, గ్రానైట్ క్వారీలో డీజిల్ డ్రమ్ములు, లారీ షెడ్డు, ఏదైనా పద్ధతి ఒకటే.

పరీక్షకంటే ముందు, ఇవాళే

ఆ నీళ్లు తాగడం, వండడం ఆపండి. మరిగిస్తే వాసన పోతుంది కదా అని చాలామంది మరిగిస్తారు. పోయేది వంటగది గాలిలోకే, పీల్చేది ఇంట్లోవాళ్లే. వేడినీళ్ల స్నానం కూడా అంతే. ఆర్వో మిషన్‌ను నమ్మకండి. దాని పొర పెట్రోలులో ఉండే విషపదార్థం బెంజీన్‌ను పూర్తిగా ఆపదు, లోపలి కార్బన్ నిండిపోయిన రోజు మీకు తెలియదు. బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఉపయోగం లేదు, పైగా ల్యాబు పరీక్షకు అడ్డం.

మిషన్ భగీరథ నల్లా ఉంటే అది వాడండి. ఒక్క జాగ్రత్త. ఊళ్లోపలి ప్లాస్టిక్ పైపు పెట్రోలు ఇంకిన మట్టిలోంచి వెళ్తుంటే, పైపు పగలకపోయినా పెట్రోలు దాని గోడలోంచి, కీళ్ల రబ్బరులోంచి నీళ్లలోకి చేరుతుంది. నల్లా నీళ్లకూ వాసన వస్తుంటే, ముఖ్యంగా పొద్దున మొదటి నీళ్లకు, ఆ పైపు దారి కూడా మీ పరిశీలనలో భాగమే.

బావిలోకి ఎవరినీ దించకండి. పూడిక తీసేవాళ్లు బావిలో చెడుగాలి ఉందేమోనని దీపం దించి చూడడం మనదగ్గర పాత అలవాటు. ఈ బావిలో ఆ పని ప్రాణం తీస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, బావిలో అడుగున పేరుకుంటుంది, గాలిలో 1.4 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. బీడీ, లైటర్, అగ్గిపుల్ల, బావి గట్టు మీద మామూలు మోటారు స్విచ్చు, ఏవీ వద్దు.

ఏమేం కావాలి

- నీటి మట్టం కొలిచే టేపు. దొరకకపోతే స్టీలు టేపుకు చివర సుద్ద రాసి దించండి. తడిసిన చోట గుర్తు కనబడుతుంది.
- పెట్రోలు తేలుతుందేమో చూడడానికి అవతలికి కనిపించే ప్లాస్టిక్ బెయిలర్లు (తాడు కట్టి బావిలో దించి నీరు తీసే సన్నటి గొట్టాలు), బావికి ఒకటి చొప్పున, కొత్తవి. ప్రతి బావికీ కొత్త నైలాన్ తాడు.
- బంకుల్లో ట్యాంకు మట్టం కొలిచే డిప్ రాడ్డుకు రాసే పెట్రోలు పేస్టు, వాటర్ పేస్టు. పెట్రోలు, నీరు తగిలిన చోట ఇవి రంగు మారతాయి.
- చేతి ఆగర్ (చేత్తో తిప్పి మట్టిలో రంధ్రం చేసే బర్మా), 3 లేదా 4 అంగుళాలది, పొడిగింపు రాడ్లతో.
- మూతలున్న గాజు జాడీలు, వంటింటి అల్యూమినియం ఫాయిల్.
- పీఐడీ మీటరు (గాలిలో ఇంధనపు ఆవిరిని పసిగట్టేది), 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపంతో. అద్దెకు దొరుకుతుంది. లేకపోయినా పని ఆగదు, కష్టమవుతుంది.
- పేలుడు వాయువు మీటరు. బావి, మ్యాన్‌హోలు దగ్గర పేలుడు హద్దులో (ఆవిరి అంటుకునే కనీస మోతాదులో) 10 శాతం చూపిస్తే వెనక్కి వచ్చేయండి. ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.
- 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్ (చిన్న సీసాలు), లీటరు గోధుమరంగు గాజు సీసాలు. ఇవి ల్యాబు వాళ్లే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ ల్యాబు ఈ పనికి కాదని అర్థం.
- నైట్రైల్ చేతి తొడుగులు, నమూనాకో జత. ఐసు నింపిన డబ్బా.

నమూనాలు తీసే రోజు మీ బండిలో పెట్రోలు పోయించుకోకండి, ముందురోజే పోయించండి. సెంటు, దోమల క్రీము, స్పిరిట్ వాసన వచ్చే మార్కర్ పెన్ను కూడా వద్దు. పెన్సిలుతో రాసిన చీటీ చాలు.

1. ముందు ఇది ఇంధనమేనా?

నీళ్ల మీద రంగుల పొర చూడగానే డీజిల్ అనుకోకండి. పుల్లతో ఆ పొరను కదపండి. పగిలిన గాజులా ముక్కలై విడిపోతే అది ఇనుము తినే బ్యాక్టీరియా పొర. మన ఎర్ర నేలల బోర్లలో, వాడకుండా వదిలేసిన బావుల్లో మామూలే. కదిపినా తిరిగి కలిసిపోతే, సాగితే, అది నూనె.

నూనే అయినా బంకుదే కానక్కరలేదు. కంప్రెసర్ మోటారు బిగించిన బోర్లలో కంప్రెసర్ ఆయిల్ గాలితోపాటు నీళ్లలోకి దిగుతుంది. కొత్తగా వేసిన బోరులో రిగ్గు సుత్తికి పోసిన నూనె కొన్నాళ్లు వస్తుంది. బావి గట్టున ఆయిల్ ఇంజను ఏళ్ల తరబడి కారి ఉండొచ్చు. దోమలకని వేసే ఆయిల్ బాల్స్ కొట్టుకొచ్చి ఉండొచ్చు. కొత్త పీవీసీ పైపుల జిగురు వాసనను కూడా పెట్రోలు అనుకుంటారు. ఇవన్నీ ఇంటివాళ్లను, మోటారు మెకానిక్‌ను అడిగితే తేలేవి. అడిగి రాసుకోండి: వాసన మొదట ఏ నెలలో వచ్చింది, మోటారు వేసిన వెంటనేనా, కాసేపు నడిచాకా, వాన తర్వాత పెరిగిందా.

వాసన లేకపోతే క్షేమం అనే లెక్క కూడా తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో బెంజీన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. నీళ్లలో బెంజీన్ వాసన మనిషి ముక్కుకు తెలిసేది దానికి దాదాపు వెయ్యి రెట్ల దగ్గర. వాసన వచ్చేది ఎక్కువగా దాని పక్కన ఉన్న మిగతా పదార్థాల వల్ల. కాబట్టి కంపు కొట్టే బోరుతోపాటు, కొట్టని పక్క బోర్లనూ జాబితాలో రాయండి.

2. ఎక్కడి నుంచి వస్తోంది

చుట్టూ అర కిలోమీటరు నడిచి చేతిపటం గీయండి. భూమిలో ట్యాంకులున్న చోట్లు, మూతపడ్డ పాత బంకులు, వాటి నింపుడు పైపులు, మురుగు కాల్వలు, కేబుల్, నీటి పైపుల కందకాలు అన్నీ అందులోకి రావాలి. కందకాల్లో పోసిన ఇసుక వెంట పెట్రోలు పక్కకు చాలా దూరం పోతుంది, నేల వాలుతో సంబంధం లేకుండా. మ్యాన్‌హోలు మూత తీయకుండానే దాని చిన్న కంత దగ్గర మీటరు పెట్టి చూడండి.

బంకు రిజిస్టర్లు మీకు చూపించరు, చూపించాల్సిన పనీ వాళ్లకు లేదు. వాటిని తెప్పించగలిగేది ఆయిల్ కంపెనీ, కాలుష్య నియంత్రణ మండలి. కానీ ఏం అడగాలో ఫిర్యాదులో మీరే రాయండి: గత ఏడాది రోజువారీ డిప్ రీడింగులు, ట్యాంకర్ రసీదులు, అమ్మకాలు, ట్యాంకులో నీటి మట్టం. ఒక్కరోజు తేడాకు అర్థం లేదు. ఎండలో వచ్చిన 10,000 లీటర్ల పెట్రోలు భూమిలో 10 డిగ్రీలు చల్లబడితేనే సుమారు 100 లీటర్లు తగ్గుతుంది. చూడాల్సింది నెలల తరబడి ఒకే వైపు పోయే తేడా.

ఇంకో మంచి ఆనవాలు ఉంది. వానాకాలంలో భూగర్భ జలం ట్యాంకు కన్నా పైకి వచ్చినప్పుడు ట్యాంకులో నీళ్లు చేరుతున్నాయంటే, వేసవిలో అదే కంతలోంచి పెట్రోలు బయటికి పోతోందని అనుమానించాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది కొంత నీటిని తనలో కలిపేసుకుంటుంది. అందుకే పాత రకం వాటర్ పేస్టుతో "నీళ్లు లేవు" అని వస్తే దాన్ని రుజువుగా తీసుకోవద్దు.

3. నీరు ఏ దిక్కుకు పోతోంది

ఈ మెట్టు వదిలేసి నేరుగా నమూనాలకు దిగేవాళ్లే ఎక్కువ. ఫలితం ఏమిటంటే పది నమూనాలు తీసి, పదీ మూలానికి ఎగువన తీసి ఉంటారు.

కనీసం మూడు బావులు కావాలి, ఒకే వరుసలో లేనివి, ఒకే పొర నీటిని తాకేవి. చేదబావిని 300 అడుగుల బోరుతో కలపకండి. చేదబావిది మొరంలో నీరు, బోరుది బండ పగుళ్ల నీరు.

ముందురోజు రాత్రి నుంచి చుట్టూ మోటార్లు ఆపించాలి. వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి రైతు పడుకున్నా మోటారు పడుకోదు. ఆటో స్టార్టర్లు తీయించారా లేదా కళ్లతో చూడండి. 12 గంటలు ఆగాక, పొద్దున్నే, అన్ని బావులూ రెండు మూడు గంటల్లో కొలిచేయండి. ప్రతి బావికీ అంచు మీద ఒకే చోట పెయింటు గుర్తు పెట్టి అక్కడి నుంచే కొలవండి. బావి అంచుల ఎత్తు తేడాకు దగ్గర బావులైతే మేస్త్రీ లెవెల్ పైపు సరిపోతుంది. వంద మీటర్లు దాటితే సర్వేయరు ఆటో లెవెల్ తెప్పించండి.

లెక్క ఇలా: బావి అంచు ఎత్తులోంచి నీటి లోతు తీసేస్తే నీటి ఎత్తు వస్తుంది. క బావిలో అది 98.60 మీటర్లు, ఖ బావిలో 98.20, గ బావిలో 97.80 అనుకుందాం. క, గ బావులను గీతతో కలపండి. ఆ గీత మీద 98.20 ఎక్కడ పడుతుంది? సరిగ్గా మధ్యలో. ఆ బిందువును ఖ బావితో కలిపితే వచ్చే గీత మీద నీటి మట్టం ఒకటే. దానికి లంబంగా, తక్కువ ఎత్తున్న గ వైపు గీసిన బాణమే నీటి దారి. బావుల మధ్య తేడా 5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే లెవెల్ పైపు కొలతతో దిక్కు తేల్చకండి.

బావిలో పెట్రోలు తేలుతుంటే అది నీటిని కిందికి నొక్కుతుంది. తేలిన పొర మందాన్ని సాంద్రతతో గుణించి నీటి ఎత్తుకు కలపాలి. 20 సెంటీమీటర్ల పెట్రోలు, సాంద్రత 0.75 అయితే 15 సెంటీమీటర్లు కలపండి. డీజిల్‌కు 0.84 వేయొచ్చు. బావిలో కనిపించే మందం మట్టిలో ఉన్న మందం కాదు, మామూలుగా ఎక్కువే చూపిస్తుంది. దాన్నిబట్టి ఎన్ని లీటర్లు కారిందో లెక్కకట్టకండి.

వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటు, నైస్ బండ. పైన ఎర్ర చెల్క, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల బండ. మొరం దాకా ఈ బాణం పనిచేస్తుంది. బండలో నీరు పగులు ఎటుంటే అటే పోతుంది, అందుకే పక్క బోరు శుభ్రంగా ఉండి 200 మీటర్ల అవతలిది కంపు కొట్టొచ్చు. మూలం చుట్టూ వృత్తం గీసి "ఈ లోపలివే చెడ్డవి" అనడం ఇక్కడ కుదరదు. భూపాలపల్లి, ములుగు వైపు గోదావరి ఇసుకరాయిలో నీరు రంధ్రాల గుండా నెమ్మదిగా, కాస్త క్రమంగా కదులుతుంది. అక్కడ మ్యాపు ఎక్కువ నమ్మొచ్చు.

4. మట్టి తవ్వి చూడడం

బంకు ఆవరణలో అనుమతి లేకుండా ఆగర్ దించకండి. అది పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు ఉన్న స్థలం, కింద పైపులు, కేబుళ్లు ఉంటాయి. మూలానికీ బావికీ మధ్య, బయటి స్థలంలో మూడు నాలుగు చోట్లు, ఎగువన శుభ్రమైన చోట ఒకటి చాలు. ఆ శుభ్రమైన చోటే ముందు తవ్వండి.

ప్రతి అర మీటరుకు ఒక పిడికెడు మట్టి తీసి వెంటనే గాజు జాడీలో సగం దాకా వేసి ఫాయిల్ కప్పి మూత బిగించండి. పది పదిహేను నిమిషాలు నీడలో ఉంచి, బాగా కుదిపి, ఫాయిల్‌కు చిన్న కంత చేసి పీఐడీ ముక్కు పెట్టండి. వచ్చిన అంకె గాఢత కాదు, పోలిక మాత్రమే. శుభ్రమైన చోటు మట్టి 2 చూపించి ఇక్కడిది 300 చూపిస్తే విషయం ఉంది. వానాకాలపు తేమలో మీటరు తగ్గించి చూపిస్తుంది. డీజిల్‌కు అది దాదాపు గుడ్డిది. డీజిల్ అనుమానమైతే చెంచాడు మట్టిని గ్లాసు నీళ్లలో వేసి కుదిపి తెట్టు చూడండి, లేదా తెల్ల కాగితం మీద మట్టి నొక్కి అరగంట తర్వాత నూనె మరక మిగిలిందా చూడండి. జాడీలో ముక్కు పెట్టి పీల్చడం మానండి.

ల్యాబుకు పంపాల్సినవి మూడు: ఎక్కువ రీడింగు వచ్చిన లోతు, నీటి మట్టానికి కాస్త పైన ఉన్న తడి పొర, అన్నిటికన్నా అడుగున రీడింగు తగ్గిన చోటు. పై మట్టి ఒక్కటే పంపి "మట్టిలో ఏమీ లేదు" అని తేల్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. పైది ఎప్పుడో ఆవిరైంది.

పెట్రోలు పరీక్షకు మొన కోసేసిన ప్లాస్టిక్ సిరంజిని మట్టిలో గుచ్చి సుమారు 5 గ్రాములు తీసి, ల్యాబు ముందే 5 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి ఇచ్చిన వయల్‌లో వేయాలి. మిథనాల్ విషం, మండుతుంది కూడా. అది వద్దనుకుంటే స్టీలు గొట్టంలో మట్టిని గాలి లేకుండా బిగించి, రెండు చివరలా ఫాయిల్, మూత వేసి, ఐసులో పెట్టి 48 గంటల్లో ల్యాబులో అందించండి. డీజిల్ పరీక్షకు పావు కిలో మట్టి గాజు జాడీ నిండా. కవర్లో కట్టిన మట్టిని లెక్కలోకి తీసుకోకండి.

నల్లరేగడి అయితే వేసవి నెర్రెలు మీటరు పైన లోతుకు పోతాయి, పెట్రోలు వాటి వెంటే జారుతుంది. నెర్రెకు ఇటూ అటూ ఉన్న మట్టిని కూడా విడిగా చూడండి.

5. పరిశీలన బోరు, తప్పనిసరైతేనే

పాత నీళ్లు చెడితే ఇంకాస్త లోతుగా కొత్త బోరు వేద్దాం అనే ఆలోచన అందరికీ వస్తుంది. ఈ పరిస్థితిలో అంతకన్నా చెడ్డ ఆలోచన లేదు. మనదగ్గర కేసింగు గట్టి బండ తగిలే దాకానే దించుతారు, దాని చుట్టూ ఖాళీని మూయరు. మొరంలో ఉన్న పెట్రోలుకు ఆ సందు నేరుగా పగుళ్లలోకి గొట్టంలా పనిచేస్తుంది. ఇంతవరకు మంచిగా ఉన్న లోతు నీరు కూడా పోతుంది.

పరిశీలన బోరు మొరంతో ఆగాలి. 6 అంగుళాల రంధ్రం, 2 లేదా 4 అంగుళాల మర పీవీసీ పైపు. జిగురు వాడొద్దు, దాని ద్రావకాలు ల్యాబు రిపోర్టులోకి వస్తాయి. చిల్లుల పైపు పైభాగం వానాకాలపు అత్యధిక మట్టానికి మూడడుగులు పైన, కింది భాగం వేసవి మట్టానికి ఆరు నుంచి పది అడుగులు కింద ఉండాలి. చిల్లులు నీటిలో మునిగిపోతే తేలే పెట్రోలు లోపలికి రాదు, బోరు "శుభ్రం" అని అబద్ధం చెబుతుంది. చుట్టూ కడిగిన దొడ్డు ఇసుక చిల్లులకు రెండడుగులు పైదాకా, దాని మీద రెండడుగులు బెంటోనైట్ (తడిస్తే ఉబ్బి సందు మూసే బంకమట్టి), ఆపైన సిమెంటు. రిగ్గు గాలి ఒత్తిడితో తవ్వితే మట్టిలో ఆవిరి ఎగిరిపోతుంది, కాబట్టి చేతనైనంత లోతు ఆగర్‌తోనే పోండి. తవ్వాక కనీసం వారం ఆగి నమూనా తీయండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి, భూగర్భ జల శాఖ జిల్లా అధికారి సలహా ముందే తీసుకోండి.

6. నీటి నమూనా

శుభ్రమైన బావితో మొదలుపెట్టి కంపు కొట్టేదాన్ని చివర తీయండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి, ఆర్వో తర్వాత, తోట పైపు చివర నుంచి తీసిన నీరు పనికిరాదు. మోటారు నుంచి ట్యాంకుకు పోయే ముందు ఉన్న నల్లా కావాలి.

(1) ముందు తేలేది చూడండి. మోటారు వేయకముందు బెయిలర్‌ను నీటి పైభాగంలోకి సగమే మునిగేలా మెల్లగా దించి తీయండి. పొర ఉంటే మందం కొలవండి. లేదా స్టీలు టేపుకు రెండు పేస్టులూ రాసి దించండి. తేలే పొర దొరికితే దాన్నే సీసాలో పట్టి పంపండి, ఏ ఇంధనమో తేలుతుంది. ఆ బావిలో మోటారు వేయకండి.

(2) పొర లేకపోతే నిలువ నీరు తోడేయాలి. మామూలు ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్లు, గుర్తుంచుకోవడం తేలిక. 4 అంగుళాల పైపులో అడుగుకు రెండున్నర. 200 అడుగుల బోరులో 60 అడుగుల దగ్గర నీరుంటే 140 అడుగుల నీరు, అంటే సుమారు 910 లీటర్లు. దానికి మూడు రెట్లు తోడాలి. రోజూ గంటలకొద్దీ నడిచే బోరుకు ఇంత అవసరం లేదు, పీహెచ్, ఈసీ (నీటి విద్యుత్ వాహకత), ఉష్ణోగ్రత నిలకడ అయ్యేదాకా చాలు: పీహెచ్ 0.1 లోపు, ఈసీ 3 శాతం లోపు, ఐదేసి నిమిషాలకు మూడు రీడింగులు. చేదబావిని మూడుసార్లు ఖాళీ చేయడం కుదరదు. రాత్రంతా ఊరిన నీటిని పొద్దున తీయండి, పైనుంచి ఒకటి, అడుగుకు కాస్త పైన ఒకటి. తోడిన నీటిని కాల్వలో వదలకుండా డ్రమ్ముల్లో పట్టండి.

(3) ధార సన్నగా, బుడగలు లేకుండా తగ్గించండి. వయల్‌ను వంచి గోడ వెంట నింపి, పైన నీరు గుండ్రంగా ఉబ్బేదాకా పోసి మూత బిగించండి. తలకిందులు చేసి తట్టండి. బుడగ కనిపిస్తే పారబోసి కొత్త వయల్‌లో నింపండి. దానిలోనే మళ్లీ పోసి సర్దుబాటు చేయకండి. బావికి మూడు వయల్స్.

(4) నిల్వకు వయల్‌లో ల్యాబు రెండు మూడు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేసి ఇస్తుంది, దాన్ని కడగకండి. మన బోర్ల నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ కాబట్టి కొన్నిచోట్ల ఆసిడ్ తగలగానే నురగ వస్తుంది, బుడగలు పుడతాయి, వాటితోపాటు బెంజీన్ పోతుంది. నురగ వస్తే ఆసిడ్ లేని వయల్స్‌లో తీసి, చీటీ మీద అలా రాసి, 7 రోజుల్లో పరీక్ష జరిగేలా చూడండి. ఆసిడ్ ఉంటే 14 రోజులు.

(5) డీజిల్‌కు లీటరు గోధుమరంగు సీసా. దీన్ని బావి నీటితో ముందుగా తొలిచి కడగకండి, నూనె గోడలకు అంటి ఎక్కువ చూపిస్తుంది.

(6) ఐసు డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ఉంచండి, గడ్డకట్టనీయకండి, వయల్ పగులుతుంది. ల్యాబు నింపి ఇచ్చిన శుభ్రమైన నీటి వయల్ ఒకటి తెరవకుండా డబ్బాతోపాటు ఊరంతా తిరిగి రావాలి. ఒక బావికి రెండు సెట్లు తీసి రెండోదానికి వేరే పేరు పెట్టండి. జనరేటర్ పెట్టాల్సి వస్తే గాలి పోయే దిక్కున, కనీసం పది మీటర్ల దూరంలో.

అక్కడికక్కడే కొలిచేవి కూడా రాయండి: కరిగిన ఆక్సిజన్, ఇనుము, నైట్రేట్. ఇంధనాన్ని తినే సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను, తర్వాత నైట్రేట్‌ను వాడేస్తాయి. మన పొలాల పక్క బావుల్లో ఎరువుల వల్ల నైట్రేట్ మామూలుగా ఉంటుంది. చుట్టూ బావుల్లో ఉండి, ఒక్కదాంట్లోనే నైట్రేట్ దాదాపు లేకుండా, ఇనుము పెరిగి ఉంటే ఆ బావిని అనుమానించండి. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే ఆ ఆక్సిజన్‌ను ముందు ఇథనాలే తినేస్తుంది, బెంజీన్ ఇంకా దూరం పోతుంది.

7. ల్యాబులో ఏం అడగాలి

"వాటర్ టెస్ట్" అనకండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో, ఆ గుర్తింపు పత్రంలో ఈ పరీక్షల పేర్లు ఉన్నాయో లేదో చూసి, ఇలా రాసివ్వండి: బెంజీన్, టొలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్లు, పెట్రోలు శ్రేణి, డీజిల్ శ్రేణి హైడ్రోకార్బన్లు విడివిడిగా, క్రోమటోగ్రామ్ (పరీక్ష యంత్రం గీసిచ్చే గ్రాఫు) ప్రతితో సహా. "ఆయిల్ అండ్ గ్రీజ్" పరీక్షతో సరిపెట్టనీయకండి. అందులో ద్రావకాన్ని వేడితో ఆవిరి చేస్తారు, పెట్రోలు కూడా దానితోపాటే పోతుంది.

కనిపెట్టగల కనీస హద్దు ముందే అడగండి. బెంజీన్‌కు అది 50 మైక్రోగ్రాములు అయితే "కనిపించలేదు" అన్న మాటకు విలువ లేదు. 5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 మినరల్ ఆయిల్‌కు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది గానీ బెంజీన్‌కు విడిగా గీత లేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెలతో పోల్చాలి: లీటరుకు బెంజీన్ 10, టొలుయీన్ 700, ఇథైల్‌బెంజీన్ 300, జైలీన్లు 500 మైక్రోగ్రాములు. బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. లెక్కగడితే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఈ హద్దుకు చేర్చగలదు. "కొంచెమే కారింది" అన్నవాళ్లకు ఈ లెక్క చూపించండి. మట్టికి పోలికగా డచ్ (నెదర్లాండ్స్ దేశపు) హద్దులు వాడుతుంటారు: కిలోకు మినరల్ ఆయిల్ 5,000 మిల్లీగ్రాములు, బెంజీన్ 1.1.

8. ఫలితం సరైనదేనా

ముందు తెరవని వయల్ ఫలితం చూడండి. అందులో బెంజీన్ ఉంటే డబ్బాలోని అన్ని నమూనాలూ అనుమానమే. తర్వాత జంట నమూనా. 42, 36 వచ్చాయనుకోండి, తేడా 6, సగటు 39, అంటే 15 శాతం. నీటికి 30 శాతం, మట్టికి 50 శాతం లోపు సరే. అంతకు మించితే మళ్లీ తీయాలి.

తేదీలు చూడండి, తీసిన రోజుకూ పరీక్షించిన రోజుకూ మధ్య గడువు దాటిందా అని. చేదబావిలో తక్కువ వచ్చి పక్క బోరులో ఎక్కువ వస్తే ఆశ్చర్యపోకండి. తెరిచిన బావిలో బెంజీన్ గాలికి పోతుంది.

ఒక్కసారి పరీక్షతో "పోయింది" అనకండి. రోహిణి కార్తెలో మట్టం అడుగంటినప్పుడు పెట్రోలు మట్టితోపాటు కిందికి దిగి బావిలో తేలుతుంది. మిరుగు వానల తర్వాత మట్టం పెరిగితే అది మట్టి సందుల్లో నీటి కింద చిక్కుకుంటుంది, బావిలో పొర మాయమవుతుంది. సెప్టెంబరులో శుభ్రంగా కనిపించిన బావి మళ్లీ మేలో తేలుస్తుంది. అందుకే మేలో ఒకసారి, అక్టోబరు లేదా నవంబరులో ఒకసారి, కనీసం రెండేళ్లు.

9. ఎవరికి ఇవ్వాలి

మీరు తీసిన నమూనా అధికారులను కదిలించడానికి పనికొస్తుంది. కోర్టులో నిలబడేది జల కాలుష్య నియంత్రణ చట్టం, 1974 సెక్షన్ 21 ప్రకారం మండలి అధికారి నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసిన నమూనా. కాబట్టి తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయిల్ కంపెనీకి, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకు ఇంకో నకలు. 2025 జులైలో వచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాల కింద అనుమానిత స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం రాష్ట్ర మండలికి పంపాలి. మీ దరఖాస్తులో ఆ నియమాల పేరు రాసి, ఈ స్థలాన్ని ఆ జాబితాలో చేర్చమని అడగండి.

దరఖాస్తుకు జతచేయాల్సినవి: చేతిపటం, నీటి మట్టాల పట్టిక తేదీ, గంటతో సహా, నమూనా చీటీల ఫొటోలు, ల్యాబు రిపోర్టు పూర్తి ప్రతి క్రోమటోగ్రామ్‌తో, వాసన ఎప్పుడు మొదలైందో ఇంటింటి వివరం. బావుల సొంతదారుల సంతకాలు రెండు మూడు ఉంటే చాలు. తీర్పు మీరు రాయకండి. "ఫలానా బంకు లీకు" అని కాకుండా "ఈ బావుల్లో ఈ అంకెలు, నీరు ఈ దిక్కుకు పోతోంది, ఎగువన ఇవి ఉన్నాయి" అని రాస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం.